వారానికొక మాత్ర

ఆ మేడలో ఉండేవాళ్ళందరూ అక్కను రేడియో అనేవారు. చాటుగా కాదు, ముఖం మీదే. "రేడియోకైతే మీట ఉంటుంది. నన్ను ఆపే మీట ఇంకా ఎవరూ కనిపెట్టలేదు" అని ఆవిడే నవ్వేది. బజారు నుంచి వస్తూ కింది మెట్టు మీద మొదలుపెట్టిన కబురు మూడో అంతస్తులో తాళం తీసేదాకా సాగేది. వింటున్న మనిషి మధ్యలోనే తన వాటాలోకి వెళ్ళి తలుపేసుకున్నా ఆవిడకు పట్టేది కాదు. మిగిలింది గోడకు చెప్పేది.

చెల్లెలు ముభావి. కారు నడపడం నేర్పే టీచరు. పనిలో ఆమె నోటి నుంచి వచ్చే మాటలు చాలా తక్కువ: చూడు, నెమ్మది, తిప్పు, ఆపు. నేర్చుకునేవాళ్ళు ఆపకపోతే తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు తనే తొక్కేది. అందుకని వాళ్ళు ఆమెను బ్రేకు మేడం అనేవారు. ఇంటికొచ్చాక ఆ మాటలు కూడా ఉండవు. అక్క చెబుతూ ఉంటుంది, చెల్లెలు బూట్లు విప్పుకుంటూ, ముఖం కడుక్కుంటూ ఊ కొడుతూ ఉంటుంది. ఊ కొట్టడం మరిచిపోతే అక్క వంటగది లోంచి కేకేసేది: "ఏమే, బతికే ఉన్నావా?"

వాళ్ళ అమ్మ పోయేనాటికి చెల్లెలు ఇంకా బడికి కూడా వెళ్ళడం లేదు. అక్క చదువు మానేసి కర్టెన్లు కుట్టే దుకాణంలో చేరి చెల్లెల్ని పెంచింది. జడ వేసింది, జ్వరాలకు మేలుకుంది, పరీక్ష తప్పితే బడికెళ్ళి టీచర్లతో తగువు పెట్టుకుంది. తను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "చూడ్డానికొచ్చినవాళ్ళు నా మాటలు విని పరుగో పరుగు" అనేది. చెల్లెలికి చేసింది. కొన్నేళ్ళకు ఆ పెళ్ళి పెటాకులై, చెల్లెలు ఒక పెట్టె పట్టుకుని తిరిగి వచ్చేసింది. తలుపు తీసిన అక్క ఏం జరిగిందని అడగలేదు. పెట్టె అందుకుని, "కాళ్ళు కడుక్కో, తిందాం" అంది. ఆ పూటంతా ఇంకో మాట మాట్లాడలేదు. అక్క అంతసేపు నోరు కట్టేసుకోవడం చెల్లెలు చూడటం అదే మొదటిసారి.

అలా ఇద్దరూ ఒకరికొకరై ఉండగా అక్క చేతి వేళ్ళ కణుపులు ఉబ్బడం మొదలైంది. ముందు పొద్దున పూట బిగుసుకుపోయేవి. తర్వాత కత్తెర పట్టడం రాలేదు. ఆ తర్వాత సీసా మూత తిప్పడం కూడా కష్టమైంది. పెద్దాసుపత్రిలో చూపిస్తే అది కీళ్ళను తినేసే జబ్బని చెప్పి, ఒక చిన్న పసుప్పచ్చ మాత్ర రాశారు. వారానికొకటి. దానితోపాటు నెల నెలా రక్తం పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఆ మాత్రతో అక్క వేళ్ళు తెరుచుకున్నాయి. మళ్ళీ దుకాణానికి వెళ్ళింది.

మందు కొనసాగించడం, రక్తం చూడటం వీధి చివర క్లినిక్కు పని. అప్పట్లో అక్కడ పెద్ద డాక్టరు ఒక్కడే ఉండేవాడు. ఒకటే గది, గోడకు ఆనించిన నాలుగు కుర్చీలు. ఆయనకు అక్క మాటలంటే ఇష్టం. "మీ నాలుకకు కీళ్ళు లేకపోవడం అదృష్టమమ్మా, ఉంటే వాటికి కూడా మందు రాయాల్సి వచ్చేది" అని వేళాకోళం చేస్తూనే రక్తం తీసేవాడు, వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసేవాడు. చూపు మందగించి ఆయన పని మానుకున్నాక, కొందరు డాక్టర్లు కలిసి ఆ క్లినిక్కు కొన్నారు. అద్దాల తలుపులు వచ్చాయి. టోకెన్లిచ్చే యంత్రం వచ్చింది. పాత రోగుల వివరాలన్నీ కొత్త కంప్యూటరులోకి ఎక్కించారు. రోజుకొక డాక్టరు, ఎవరు ఎప్పుడుంటారో తెలీదు. రక్తం తీసే మనిషి కొన్ని రోజులే వస్తుంది, అక్క వెళ్ళిన రోజున రాదు. "నాకు పరీక్ష ఉండాలి కదమ్మా?" అని అక్క అడిగితే కౌంటరు ఆవిడ తెర వైపు చూసి, "మీ పేరు మీద ఏం చూపించడం లేదండి. ఉంటే మేమే ఫోన్ చేస్తాం" అంది. ఫోన్ రాలేదు.

చలి ముదిరి అక్కకు నొప్పులు మళ్ళీ తిరగబెట్టాయి. మాత్రలు కూడా అయిపోవడంతో క్లినిక్కుకి వెళ్ళి ఆ సంగతి చెప్పుకుంది. డాక్టరును కలవనక్కర్లేదు, మందు చీటీ తయారవుతుంది, కూర్చోమన్నారు. లోపల గదిలో ఉన్న కళ్ళద్దాల డాక్టరమ్మ సంతకం పెట్టింది, చీటీ బయటికి వచ్చింది. మందుల దుకాణం అతను అందులో ఉన్నట్టే డబ్బా మీద కాగితం అంటించి ఇచ్చాడు.

ఇంటికొచ్చి అక్క ఆ డబ్బా చెల్లెలి ముందు పెట్టింది.

"ఏమే, ఇది చూడు. రోజుకొకటి అని ఉంది. నాది వారానికొకటి కదా?"

చెల్లెలు ఆ రోజు ఒక మొండి శిష్యుడితో వేగీ వేగీ విసిగిపోయి ఉంది. డబ్బా అటూ ఇటూ తిప్పి చూసింది. "నొప్పులు ఎక్కువయ్యాయని నువ్వే చెప్పావుగా. పెంచి ఉంటారు."

"పెంచితే చెప్పరా?"

"నువ్వు అడగొద్దూ? మెట్ల మీద కనిపించిన ప్రతివాళ్ళనీ పట్టుకుని మాట్లాడతావు, అడగాల్సిన చోట అడగవు."

"అడిగానే బాబూ! కౌంటరులో అడిగాను. డాక్టరుగారు మార్చి ఉంటారండి అంది. నాకెందుకో మనసు ఒప్పట్లేదు."

"వాళ్ళు చదువుకున్నవాళ్ళు. రాసింది వేసుకో అక్కా. మనమేం డాక్టర్లమా?"

అక్క రెండు మూడు రోజులు వాయిదా వేసింది. పొద్దున్నే వేళ్ళు ముడుచుకుని మంచం అంచున కూర్చున్న అక్కను చూసి చెల్లెలికి కోపం వచ్చింది. "నీ పంతం నీదే కానీ మందు మాత్రం మింగవు" అని, తనే మాత్ర తీసి అరచేతిలో పెట్టి, నీళ్ళిచ్చి, మింగేదాకా నిలబడింది. ఆ తర్వాత పనికి వెళ్ళేముందు రోజూ అదే చేసింది. అక్క కూడా వాదించడం మానేసింది. నిజానికి నొప్పి కొంచెం తగ్గినట్టే అనిపించింది కూడా.

వారం తిరక్కముందే అక్క నోట్లో పుండ్లు వచ్చాయి. మొదట నాలుక అంచున, తర్వాత బుగ్గల లోపల, పెదవుల మీద. వేడి తగిలితే మంట, ఉప్పు తగిలితే మంట. మెట్ల మీద ఎదురైన కింది వాటా ఆయన "ఏంటి, రేడియో మూగబోయింది?" అని నవ్వాడు. అక్క చెయ్యి ఊపి నోరు చూపించింది. అది చూసి ఆయన నవ్వు కూడా ఆగిపోయింది.

చెల్లెలు ఆమెను క్లినిక్కుకి తీసుకెళ్ళింది. ఆ పూట ఉన్న డాక్టరు కుర్చీలో కూర్చున్నట్టే లేడు, లేవబోతున్నట్టు ఉన్నాడు. చిన్న టార్చి వేసి నోట్లోకి ఒక్క చూపు చూశాడు.

"విటమిన్లు తగ్గాయి. పూత మందు రాస్తున్నా. కారం తగ్గించండి."

"నీళ్ళు కూడా గొంతు దిగడం లేదండీ" అంది చెల్లెలు.

"తగ్గుతుందమ్మా. తర్వాతవాళ్ళని పంపండి."

ఇంకేం మందులు వాడుతున్నారని ఆయన అడగలేదు. వీళ్ళు చెప్పలేదు. ఆ మందు రాసింది ఇదే క్లినిక్కు కదా, వాళ్ళకు తెలియందేముందని చెల్లెలు అనుకుంది.

పూత మందు రాసినా పుండ్లు పెరిగాయి. జ్వరం వచ్చింది. ఒంటి మీద ఎక్కడ చెయ్యి వేసినా అక్కడ నల్లగా కమిలిపోతోంది. చెల్లెలు క్లినిక్కుకి ఫోన్ చేస్తే "మీరు వరుసలో ఉన్నారు" అని ఒక గొంతు చెప్పడం, సంగీతం, మళ్ళీ అదే గొంతు. ఫోను చెవికి ఆనించుకునే చెప్పులేసుకుని వీధి చివరికి నడిచింది. కౌంటరు దగ్గర నిలబడినప్పుడు కూడా ఆ సంగీతం మోగుతూనే ఉంది.

"ఇవాళ ఖాళీలు లేవండి. రేపు పొద్దున ఫోన్ చేసి చెప్పించుకోండి."

"ఫోన్ ఎవరు ఎత్తుతారు?"

"నేనే."

"నేనిప్పుడు మీ ముందే ఉన్నానుగా!"

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. చెల్లెలు కదలలేదు. జీవితంలో ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి, ఆ బల్ల అంచు పట్టుకుని "మీకు దణ్ణం పెడతాను, ఎవరో ఒకళ్ళు చూడండి" అంది. చివరికి మధ్యాహ్నం ఆఖరి టోకెను ఇచ్చారు.

అప్పుడున్నది ఇంకో డాక్టరు. ఎవరికో బదులు ఆ ఒక్కరోజుకు వచ్చాడట. మనిషి నెమ్మదస్తుడే. జ్వరం చూశాడు, గొంతు చూశాడు, ఊళ్ళో ఇలాంటి జ్వరాలు చాలా తిరుగుతున్నాయన్నాడు. అక్క కుర్చీలో ముందుకు వంగి, పగిలిన పెదవులు కష్టం మీద విప్పి, ఏదో చెప్పబోయింది. "మా... మాత్ర..." అంది.

"రాస్తున్నానమ్మా, రాస్తున్నా" అన్నాడాయన మెత్తగా. "మంచి మాత్రలే రాస్తున్నాను."

అక్క తల అడ్డంగా ఊపింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని లాగింది. చెల్లెలికి అర్థం కాలేదు. మాత్ర మింగలేనంటోంది అనుకుని, "నీళ్ళ మందు ఉంటే రాయండి, తను మింగలేకపోతోంది" అంది. ఆయన సరేనని నీళ్ళ మందు రాశాడు. దారి పొడుగునా అక్క ఇంకేమీ చెప్పడానికి ప్రయత్నించలేదు.

మర్నాడు పొద్దున అక్క మంచం మీంచి లేవలేదు. దిండు మీద రక్తం మరక. చెల్లెలు కింది వాటా ఆయన్ని పిలిచింది. ఇద్దరూ ఆవిడను కుర్చీతో సహా మెట్లు దింపారు. నెత్తి మీద డ్రైవింగ్ స్కూలు బోర్డున్న, తను నేర్పే కారులోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. దారిలో బోర్డు చూసిన వెనక బండ్లవాళ్ళు హారన్లు కొట్టి నవ్వుకుంటూ దాటుకుపోయారు.

అత్యవసర విభాగంలో చిన్న కుర్రాడిలా ఉన్న ఒక డాక్టరు, అక్క నోరు చూడగానే మొట్టమొదట అడిగిన మాట: "ఈవిడ ఏమేం మందులు వాడుతున్నారు?"

చెల్లెలు సంచిలోంచి డబ్బాలన్నీ బల్ల మీద పోసింది. ఆ అబ్బాయి ఒక్కొక్కటే చూస్తూ పసుప్పచ్చ మాత్రల డబ్బా దగ్గర ఆగిపోయాడు.

"ఇది వారానికోసారి కదా?"

"రోజూ అన్నారు. దాని మీదే ఉంది చూడండి."

"రోజూ వేశారా?"

"నేనే వేశాను" అంది చెల్లెలు. "నా చేత్తో."

ఆ అబ్బాయి డబ్బా పట్టుకుని లోపలికి పరిగెత్తాడు. అతను నడిచి వెళ్ళి ఉంటే చెల్లెలికి అంత తెలిసేది కాదేమో. పరుగు చూశాక ఆమె నేల మీదే కూలబడింది.

తర్వాత వాళ్ళు కూర్చోబెట్టి చెప్పారు. వారానికోసారి పడితే ఆ మాత్ర మందు. రోజూ పడితే ఒంట్లో రక్తం తయారవడమే ఆగిపోతుంది. జబ్బుతో పోరాడే కణాలు పోతాయి, నోరూ పేగులూ పుండ్లు పడతాయి. విరుగుడు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆలస్యమైందన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు.

అక్కను ఒంటరి గదిలో పెట్టారు. చెల్లెలు ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని పక్కన కూర్చునేది. అక్క మాట్లాడలేదు, మాట్లాడకూడదు కూడా. ఆ నిశ్శబ్దం చెల్లెలికి భరించరానిదైంది. అందుకని తనే మొదలుపెట్టింది. కింది వాటా ఆయన అడిగిన సంగతి, మెట్ల మీద బల్బు మాడిపోయిన సంగతి, కొత్తగా చేరిన శిష్యురాలు రివర్సు గేరంటే కళ్ళు మూసుకునే సంగతి. మాటలు వెతుక్కుంటూ, తడబడుతూ, గంటల తరబడి చెప్పింది. నర్సు ఒకామె లోపలికొచ్చి, "మీరు భలే కబుర్లమనిషి" అంది. చెల్లెలికి ఏడుపు తన్నుకొచ్చింది.

అసలు సంగతి మాత్రం ఆఖరికి గానీ చెప్పలేకపోయింది. "అక్కా, నువ్వు వద్దన్నావు. నేనే మింగించాను." అక్క కళ్ళు మూసుకునే ఉన్నాయి. విన్నదో లేదో తెలీదు. మళ్ళీ చెప్పే ధైర్యం ఆమెకు లేకపోయింది.

ఆ గది బయట బెంచీ మీద కూర్చుని ఉండగా ఒక ఆలోచన ఆమెను పట్టుకుంది. పాత రోగుల వివరాలన్నీ కొత్త కంప్యూటరులోకి ఎక్కించారని అక్కే చెప్పింది. ఆ ఎక్కించడంలోనే అక్క మాత్ర రోజుకొకటిగా మారిపోయి ఉంటే, ఈ మాత్ర వేసుకునేది అక్క ఒక్కతేనా? ఆ క్షణం నుంచి ఆమెకు కూర్చుంటే నిప్పుల మీద కూర్చున్నట్టే ఉంది. కింది వాటా ఆయన్ని రమ్మని ఫోన్ చేసి, అక్క దగ్గర ఉండమని చెప్పి, తను క్లినిక్కుకి వెళ్ళింది.

టోకెను తీసుకోలేదు. సరాసరి లోపల గదిలోకి వెళ్ళింది. కళ్ళద్దాల డాక్టరమ్మ ఎవరికో బీపీ చూస్తోంది. వయసు పెద్దగా లేదు. చెల్లెలు డబ్బా ఆమె ముందు పెట్టి సంగతి చెప్పింది. డాక్టరమ్మ తెర వైపు తిరిగి వెతికింది. ముఖం పాలిపోయింది.

"ఇది... ఇలా ఎలా పడింది?" అని గొణిగింది. "ఎన్నిరోజులకొకటో రాయకుండా వదిలేస్తే కంప్యూటరే రోజుకొకటి అని పెట్టేసుకుంటుంది..."

ఈలోగా క్లినిక్కు వ్యవహారాలు చూసే డాక్టరు వచ్చాడు. చెల్లెల్ని పక్క గదిలోకి తీసుకెళ్ళి, చాలా విచారంగా ఉందని, అంతా విచారిస్తామని చెప్పాడు.

"విచారణ తర్వాత చేసుకోండి. ఇదే మాత్ర ఇంకెవరెవరు వేసుకుంటున్నారో వాళ్ళకి ముందు ఫోన్ చెయ్యండి."

"రోగుల వివరాలు మేము బయటికి చెప్పకూడదమ్మా."

"నాకు చెప్పొద్దు సార్. వాళ్ళకి చెప్పండి!"

"అలా వెతకాలంటే కంప్యూటరు కంపెనీ మనిషి రావాలి. రేపో ఎల్లుండో వస్తాడు. మీరు ఆవేశపడకండి."

ఆమె బయటికి వచ్చి అద్దాల తలుపు పక్కన నిలబడింది. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ ఆపి అడిగింది: "మీ ఇంట్లో ఎవరైనా కీళ్ళ జబ్బుకి పసుప్పచ్చ మాత్ర వాడుతున్నారా? వారానికోసారిది?" కొందరు తల అడ్డంగా ఊపి తప్పుకున్నారు. ఒకావిడ చేతిసంచి ఛాతీకి అదుముకుని దూరంగా జరిగింది. ఒకాయన "వేరే పనేం లేదా?" అని కసిరాడు. నోరు విప్పడమే తెలియని మనిషి, వీధిలో గొంతు చించుకుని అడుగుతూనే ఉంది. లోపలి నుంచి గార్డు వచ్చి బతిమాలాడు, తర్వాత బెదిరించాడు. ఆమె రెండడుగులు జరిగి మళ్ళీ అడగడం మొదలుపెట్టింది.

చివరికి కౌంటరు ఆవిడ ఏదో పనున్నట్టు బయటికి వచ్చింది. ఆమె వైపు చూడకుండానే అంది: "లిఫ్టులు బాగుచేసే ఆయన ఒకాయన ఉన్నాడు. బట్టల మిల్లు వెనక వీధి, చివరి ఇల్లు. నేను చెప్పానని చెప్పకండి." ఒక్క క్షణం ఆగింది. "మీ అక్కగారు నన్నడిగారు. మార్చి ఉంటారని చెప్పింది నేనే." కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

మిల్లు వెనక వీధిలో చివరి ఇంటి తలుపు తీసినతను నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. అది చూడగానే చెల్లెలు పలకరింపు కూడా లేకుండా అడిగింది.

"మీరు కీళ్ళ మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

"అవును. పెంచారుగా." అనుమానంగా చూశాడు. "మీరెవరు?"

"నోట్లో పుండ్లొచ్చాయా?"

"వేడి చేసింది. ఎల్లుండి క్లినిక్కులో చూపించుకుంటాను. ఇంతకీ మీరు..."

"కారెక్కండి."

"ఇదేం దౌర్జన్యమండీ! పనికెళ్ళాలి నేను."

"మా అక్కకి మీకంటే ముందొచ్చాయి పుండ్లు. ఇప్పుడు నోరు విప్పలేకపోతోంది, ఆసుపత్రిలో ఉంది. ఎక్కండి, మీకు పుణ్యముంటుంది."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. చెప్పులు వేసుకుని, ఇంటికి తాళం వేసి, కారెక్కాడు. అతనికి డబ్బా మార్చి కొన్ని రోజులే అయింది. విరుగుడు సరైన వేళకు పడింది. అతను బతికాడు. అతని సంగతి తెలిశాక ఆసుపత్రివాళ్ళే క్లినిక్కుకి గట్టిగా ఫోన్ చేశారు. కంప్యూటరు మనిషి మర్నాడు కాదు, ఆ సాయంత్రానికే వచ్చాడు. ఆ మాత్ర వాడే మిగతావాళ్ళందరికీ ఫోన్లు వెళ్ళాయి.

చెల్లెలు ఆ సంగతులన్నీ అక్కకు చెప్పింది. అప్పటికి అక్క ఊపిరితిత్తులకు జబ్బు పాకింది. ముఖానికి ఆక్సిజన్ తగిలించి ఉంది. చెబుతుంటే అక్క పెదవులు కదిలాయి. చెల్లెలు చెవి దగ్గర పెట్టి వింది. "దాహం" అంది అక్క. నీళ్ళు పట్టకూడదన్నారు. తడి దూది పెదవులకు అద్దింది. అక్క ఆ దూదిని చప్పరించబోయింది, మంటకు ముఖం ముడుచుకుంది. అక్క నోటి నుంచి ఆమె విన్న ఆఖరి మాట అదే. కొన్ని రోజులు అలాగే ఉండి, ఒక మధ్యాహ్నం, చెల్లెలు మందులు తేవడానికి కిందికి వెళ్ళినప్పుడు, అక్క పోయింది.

ఇల్లు బావురుమంది. మెట్ల మీద ఎవరూ ఆమెతో ఏం మాట్లాడాలో తెలీక తల వంచుకుని తప్పుకునేవారు. చెల్లెలు చాలా రోజులు పనికి వెళ్ళలేదు. వెళ్ళినా పక్కసీటులో కూర్చోలేకపోయేది. శిష్యులు స్టీరింగు తిప్పకముందే బ్రేకు తొక్కేసేది. పట్టపగలు వంటగదిలో నిలబడి, అరచెయ్యి తెరిచి దాని వైపే చూస్తూ ఉండిపోయేది.

అలాంటి ఒక రోజు కళ్ళద్దాల డాక్టరమ్మ వచ్చింది. లోపలికి రమ్మనే దాకా గుమ్మం దగ్గరే నిలబడింది.

"మా క్లినిక్కువాళ్ళు నన్ను రావద్దన్నారు" అంది. "వచ్చాను. నేను చదవలేదండీ. సంతకం పెట్టాను. పరీక్షలు జరిగాయో లేదో కూడా చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే..."

"మీరు సంతకం పెట్టారు. నేను నోట్లో వేశాను."

"మీరు మేము రాసిందే చేశారు. మీ తప్పు ఏమీ లేదు."

"ఆ మాట చెప్పాల్సినామె మీరు కాదండీ."

తర్వాత చెల్లెలు అడిగింది: "మా అక్క ఎలా ఉండేదో మీకు తెలుసా?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "లేదు. నేనావిడను ఎప్పుడూ చూడలేదు."

చెల్లెలు తల ఊపింది. వెళ్ళమని చెప్పలేదు, ఉండమనీ చెప్పలేదు. కాసేపటికి ఆమె లేచి వెళ్ళిపోయింది.

విచారణ చాలాకాలం నడిచింది. తప్పు క్లినిక్కుదే అని తేలింది. క్షమాపణ చెప్పారు. ఇప్పుడు అక్కడ రక్తం పరీక్ష చూడకుండా ఆ మాత్ర ఇవ్వరు. డబ్బా మీద వారంలో ఏ రోజు వేసుకోవాలో పెద్ద అక్షరాలతో ఉంటుంది. కౌంటరు ఆవిడ అనుమానం అడిగినవాళ్ళను లోపలికి తీసుకెళ్ళి డాక్టరు ముందే కూర్చోబెడుతుంది. లిఫ్టాయన పనిలోకి వెళుతున్నాడు. ఎప్పుడైనా దారిలో కనిపిస్తే చేతులు జోడిస్తాడు. చెల్లెలికి ఆ చేతులు చూడలేక వీధి దాటేయాలనిపిస్తుంది.

ఆమె మళ్ళీ కారు నేర్పుతోంది. రక్తపోటు వచ్చింది. నడిచి వెళ్ళగలిగే దూరంలో వేరే క్లినిక్కు లేదు, అందుకని అక్కడికే వెళుతుంది. ఎక్కువసార్లు కళ్ళద్దాల డాక్టరమ్మే ఉంటుంది. చీటీ రాశాక చెల్లెలు లేవదు.

"పైకి చదవండి" అంటుంది.

డాక్టరమ్మ చదువుతుంది: ఏ మాత్ర, ఎప్పుడు, ఎన్ని.

"ఇంకోసారి."

మళ్ళీ చదువుతుంది. బయట వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు, ఒకరిద్దరు తలుపు తోసి తొంగిచూస్తారు. గదిలో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.